బామ్మల నడుం ఎందుకు వంగుతుందో వెతికిన డాక్టర్

ఒకప్పుడు ఏ ఇంట్లో చూసినా నడుం వంగిపోయి, చేతికర్ర సాయంతో నడిచే బామ్మ ఒకరు కనిపించేవారు. పెళ్లినాటి ఫొటోలో నిటారుగా నిలబడ్డ మనిషి డెబ్భై ఏళ్లు వచ్చేసరికి ముందుకు ఒంగిపోయేవారు. చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడుతుంటే ఇంకాస్త పైకి దోపుకొనేవారు. అది జబ్బని ఎవరూ అనుకోలేదు. పెద్దతనం కదా అని సరిపెట్టుకున్నారు. డాక్టర్లూ చాలాకాలం అలాగే సరిపెట్టుకున్నారు.

అలా సరిపెట్టుకోని డాక్టర్ ఒకాయన అమెరికాలోని బోస్టన్ నగరంలో ఉండేవారు. పేరు ఫుల్లర్ ఆల్‌బ్రైట్. ముట్లుడగటానికీ, వెన్నుపూసలు చితికిపోవటానికీ మధ్యనున్న లంకెను 1940లో బయటపెట్టింది ఆయనే. ఎముకలు గుల్లబారటాన్ని, అంటే ఆస్టియోపొరోసిస్‌ను, కారణం వెతకాల్సిన జబ్బుగా, మందు ఇవ్వాల్సిన జబ్బుగా చూడటం అక్కడి నుంచే ఊపందుకుంది. ఇవాళ అమ్మకో, అత్తయ్యకో డెక్సా స్కాన్ చేయించి వారానికో మాత్ర రాస్తున్నారంటే దాని వెనక ఆయన ఉన్నారు. ఆ పని చేసేనాటికే ఆయన చేతులు వణుకుతున్నాయి, నడక తడబడుతోంది. వయసు మాత్రం నలభై.

బఫెలో నుంచి బోస్టన్‌కు

ఆల్‌బ్రైట్ 1900 జనవరి 12న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో పుట్టారు. తండ్రి జాన్ ఆల్‌బ్రైట్ పెద్ద పారిశ్రామికవేత్త, ఊరికి ఆర్ట్ గ్యాలరీ కట్టించి ఇచ్చిన మనిషి. కొడుక్కి వ్యాపారం మీదికి మనసు పోలేదు. హార్వర్డ్‌లో వైద్యం చదివి 1924లో పట్టా పుచ్చుకున్నారు. తర్వాత కొద్దికాలం మినహా జీవితమంతా బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లోనే గడిపారు.

తెలుగువాళ్లకు ఇక్కడో ముచ్చట ఉంది. ఆల్‌బ్రైట్ కంటే సరిగ్గా ఐదేళ్ల ముందు, అదే జనవరి 12న, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరారు. సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ పరీక్ష ప్రపంచమంతటా ల్యాబుల్లో ఏళ్ల తరబడి వాడుకలో ఉంది. ఎముక జబ్బు తేల్చాలంటే రక్తంలో క్యాల్షియంతో పాటు ఫాస్ఫరస్ కూడా తెలియాలి. ఒకటి చూసి రెండోది వదిలేస్తే సగం కథే తెలుస్తుంది. ఆ రెండో సగాన్ని కొలవటం సులువు చేసింది మన సుబ్బారావే.

ఆల్‌బ్రైట్‌కు క్యాల్షియం రుచి చూపించింది జోసెఫ్ ఆబ్ అనే డాక్టర్. ఆయన దగ్గర ప్రత్యేకంగా ఒక వార్డు ఉండేది. అందులో చేరిన రోగి తినే ప్రతి ముద్దనూ తూచేవారు. మూత్రం, మలం మొత్తం సేకరించి ల్యాబుకు పంపేవారు. లోపలికి వెళ్లిన క్యాల్షియం ఎంత, బయటకు పోయింది ఎంత అని రోజుల తరబడి పద్దు రాసేవారు. మన ఇళ్లలో జమ, ఖర్చు రాసుకోవటం లాంటిదే. ఖర్చు ఎక్కువైతే ఆ తేడా ఎక్కడి నుంచో రావాలి కదా! ఒంట్లో క్యాల్షియం బ్యాంకు అంటే ఎముకే. రక్తంలో క్యాల్షియం పడిపోతే గుండె, కండరాలు, నరాలు పనిచేయవు కాబట్టి శరీరం ఎముకనైనా కరిగించి ఆ లోటు పూడ్చుకుంటుంది.

ఆ పద్దును మన వంటింటికి అన్వయిస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ముట్లుడిగిన మహిళకు రోజుకు 1200 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ ప్రమాణాలు చెబుతున్నాయి. ఒక గ్లాసు పాలలో సుమారు 240 మిల్లీగ్రాములు ఉంటాయి. 100 గ్రాముల రాగిపిండిలో 300కు పైనే. ఒక గ్లాసు పాలు, కప్పు పెరుగు, మధ్యాహ్నం ఒక సంగటి ముద్ద తింటే దాదాపు సగం లెక్క తీరుతుంది. మిగతాది నువ్వుల పొడి, మునగాకు, తోటకూర, పప్పులతో కొంత పూడ్చుకోవచ్చు. అప్పటికీ చాలకపోతే డాక్టర్ మాత్ర రాస్తారు. కాఫీలో కలిసే చెంచాడు పాలను లెక్కలోకి తీసుకుని రోజూ పాలు తాగుతున్నామనుకునే పెద్దవాళ్లు చాలామంది.

ఏడంగుళాలు తగ్గిన కెప్టెన్

ఆ వార్డుకు 1926లో ఒక ఓడ కెప్టెన్ వచ్చారు. పేరు చార్లెస్ మార్టెల్. ఆరడుగుల పైనున్న మనిషి కొన్నేళ్లలో ఏడంగుళాలు కుంగిపోయారు. ఎముకలు చిన్న దెబ్బకే విరిగేవి. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల్లో ఏదో కణితి పుట్టి ఎముకల్లోని క్యాల్షియాన్ని లాగేస్తోందని డాక్టర్ల అనుమానం. మెడ కోసి వెతికితే దొరకలేదు. మళ్లీ మళ్లీ కోశారు. చివరికి 1932లో ఏడో ఆపరేషన్‌లో ఆ కణితి ఛాతీ లోపల కనిపించింది. అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కొన్ని వారాలకే రాళ్ల సమస్యతో కెప్టెన్ కన్నుమూశారు.

మార్టెల్‌ను పరీక్షించి వివరాలు ప్రచురించిన బృందంలో ఆల్‌బ్రైట్ ఒకరు. ఎత్తు తగ్గటం అనే చిన్న గుర్తు వెనక ఎంత పెద్ద జబ్బు దాగుంటుందో ఆయనకు అక్కడే తెలిసింది. ఏదో ఒకటి కొలవండి అని ఆయన తర్వాత కుర్ర డాక్టర్లకు పదే పదే చెప్పేవారు. ఊహలు ఎన్నయినా చేయొచ్చు, కొలత ఒక్కటే దారి చూపిస్తుందని ఆయన నమ్మకం.

ఇంట్లో మనం చేయగలిగిన కొలత కూడా ఎత్తే. అరవై దాటిన అమ్మను చెప్పుల్లేకుండా గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి గీత గీయండి. వయసులో ఉన్నప్పటి ఎత్తు కంటే నాలుగు సెంటీమీటర్లకు మించి తగ్గితే వెన్నుపూస ఎక్కడో చితికి ఉండొచ్చు. ఇలాంటి విరుగుళ్లలో చాలావాటికి పెద్ద నొప్పి కూడా ఉండదు. ఏదో పట్టేసిందిలే అని నూనె రాసుకుని ఊరుకుంటారు. వెన్ను ఎక్స్‌రే తీస్తే అసలు సంగతి బయటపడుతుంది.

1928లో ఆల్‌బ్రైట్ వియన్నా వెళ్లి యాకోబ్ ఎర్డ్‌హైమ్ అనే పాథాలజిస్టు దగ్గర ఏడాదిపాటు ఎముకలను సూక్ష్మదర్శిని కింద చూడటం నేర్చుకున్నారు. తిరిగొచ్చాక తన హాస్పిటల్‌లో ఆయన చేపట్టినన్ని జబ్బులు మరొకరు చేపట్టలేదేమో! మూత్రపిండాల్లో రాళ్లు, విటమిన్ డికి లొంగని రికెట్స్, పిల్లల్లో ఎముకలు వంకరపోయే అరుదైన జబ్బులు... ఒంట్లో హార్మోన్ పుష్కలంగా ఉన్నా శరీరం దానికి స్పందించని జబ్బొకటి ఉంటుందని 1942లో చెప్పారు. దానికి ఆడకోడి ఈకలుండే ఒక రకం పుంజు పేరు సరదాగా పెట్టారు. అదే ఏడాది తన దగ్గర పనిచేయటానికి వచ్చిన కుర్ర డాక్టర్ క్లైన్‌ఫెల్టర్ పేరును వ్యాసంలో ముందుంచారు. ఆ జబ్బు ఇప్పటికీ క్లైన్‌ఫెల్టర్ పేరుతోనే నడుస్తోంది. పేరు కోసం కొట్లాడుకునే రంగంలో ఇది చిన్న సంగతేమీ కాదు.

పావురం చెప్పిన సంగతి

ముప్ఫై ఐదేళ్లు దాటాయో లేదో ఆయనకు పార్కిన్సన్స్ మొదలైంది. అప్పట్లో దానికి సరైన మందు లేదు. చేతిరాత పోయింది. మాట ముద్దగా మారి, అలవాటున్నవాళ్లకు తప్ప అర్థమయ్యేది కాదు. భార్య క్లేర్, దగ్గరుండే కుర్ర డాక్టర్లు ఆయనకు చేతులూ, గొంతూ అయ్యారు. వార్డు మాత్రం మానలేదు. ముట్లుడిగిన మహిళల ఎముకల మీద పనంతా ఈ దశలోనే జరిగింది.

నడుం నొప్పితో, ఎత్తు తగ్గి వచ్చిన రోగులను ఆయన వరసగా పరీక్షించారు. ఎక్స్‌రేలో వెన్నుపూసలు పల్చబడి, నొక్కుకుపోయి కనిపించేవి. పుర్రె మాత్రం దాదాపు మామూలుగా ఉండేది. రక్తపరీక్షల్లో క్యాల్షియం, ఫాస్ఫరస్ రెండూ సరిగ్గానే ఉన్నాయి. అంటే కెప్టెన్ జబ్బు కాదు. 65 ఏళ్లలోపు వాళ్లను విడిగా చూస్తే, 42 మందిలో 40 మంది ముట్లుడిగిన స్త్రీలే! ఆపరేషన్‌లో అండాశయాలు తీసేసినవాళ్లకు ఈ ముప్పు ఇంకా ముందే వస్తున్నట్టు కూడా కనిపించింది. కేవలం వయసే కారణమైతే మగవాళ్లూ అంతే సంఖ్యలో ఉండాలి కదా?

జవాబుకు ఆధారం పావురాల దగ్గర దొరికింది. గుడ్డు పెట్టే ముందు ఆడ పావురం ఎముకల లోపల కొత్త ఎముక పేరుకుంటుందనీ, గుడ్డు పెంకుకు కావాల్సిన క్యాల్షియం అందులోంచే వెళుతుందనీ అప్పటికే కొందరు శాస్త్రవేత్తలు గమనించారు. ఈస్ట్రోజెన్ ఇస్తే మగ పావురంలోనూ అలాంటి ఎముక పెరిగింది. ఆల్‌బ్రైట్ ఈ రెండు సంగతులనూ కలిపి చూశారు. ముట్లుడిగాక అండాశయాల నుంచి ఈస్ట్రోజెన్ ఆగిపోతుంది. ఎముక నిలవటానికి అదే ఆసరా అయితే? రోగులకు ఈస్ట్రోజెన్ ఇచ్చి పద్దు రాయించారు. బయటకు పోయే క్యాల్షియం తగ్గింది. 1940లోనూ, 1941లోనూ ఈ ఫలితాలు ప్రచురించారు. అలా చికిత్స తీసుకున్న మహిళలను ఏళ్ల తరబడి గమనించిన ఆయన సహచరులు, ఎత్తు తగ్గటం ఆగిందని 1950ల చివర్లో రాశారు.

ఆయన గీసిన మరో గీత ఇవాళ్టికీ చెరగలేదు. ఆస్టియోపొరోసిస్‌లో ఉన్న ఎముక మంచిదే, కాకపోతే తక్కువ. ఇటుకలు గట్టివే గానీ గోడ సన్నగా కట్టినట్టు. ఆస్టియోమలేషియాలో గోడ మందంగానే ఉంటుంది గానీ సిమెంటు గట్టిపడదు, విటమిన్ డి లేక. ఎండ ఇంతగా ఉన్న మన దగ్గర కూడా విటమిన్ డి లోపం చాలామందిలో ఉంది. అందుకే ఎముక మందు మొదలుపెట్టే ముందు డాక్టర్లు క్యాల్షియం, ఫాస్ఫరస్, విటమిన్ డి పరీక్షలు రాస్తారు. ఇన్ని టెస్టులెందుకని విసుక్కోవద్దు. సిమెంటు గట్టిపడని గోడకు కొత్త ఇటుకలు తెచ్చిపెట్టినా లాభం ఉండదు.

అయితే ఒక విషయంలో ఆల్‌బ్రైట్ అంచనా పూర్తిగా నిలవలేదు. ఎముకను కట్టే కణాలు మందగించటమే అసలు లోపమని ఆయన అనుకున్నారు. తర్వాతి పరిశోధనల్లో తేలింది వేరు. ఎముకను నిత్యం కొన్ని కణాలు తవ్వుతుంటాయి, కొన్ని కడుతుంటాయి. ఈస్ట్రోజెన్ తగ్గితే ముందు తవ్వే కణాలకు పట్టపగ్గాలుండవు. కట్టేవి ఆ వేగం అందుకోలేవు. ముట్లుడిగిన మొదటి కొన్నేళ్లలోనే ఎముక వేగంగా పోవటానికి కారణం ఇదే.

ఈస్ట్రోజెన్ చికిత్స కథ కూడా సాఫీగా సాగలేదు. ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టిన్ ఇచ్చిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనం 2002లో వెలువడింది. తుంటి విరుగుళ్లు తగ్గాయి గానీ రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డకట్టటం కొంత పెరిగాయి. అందుకని ఇప్పుడు అరవై దాటిన మహిళకు కేవలం ఎముకల కోసమే దాన్ని మొదలుపెట్టటం అరుదు. నలభై ఐదేళ్లకు ముందే ముట్లు ఆగిపోయినవాళ్ల సంగతి వేరు. వేరే అడ్డంకులు లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు వరకూ హార్మోన్ ఇవ్వటం గురించి డాక్టర్లు ఆలోచిస్తారు.

ఇది మనకు మరీ ముఖ్యం. గర్భసంచి తీయించుకున్న మహిళల శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే అగ్రస్థానాల్లో ఉన్నట్టు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. చాలామందికి ముప్ఫైల్లో, నలభైల్లోనే ఆ ఆపరేషన్ అయిపోతోంది. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారా లేదా అన్నది ఎంతోమందికి తెలియదు. పాత డిశ్చార్జి కాగితం వెతికి చూడండి. అండాశయాలు తీసేసి ఉంటే ఎముకలకు సంబంధించినంత వరకూ ఆ రోజే ముట్లుడిగినట్టు లెక్క. ఆ సంగతి ఇప్పుడు చూసే డాక్టర్‌కు తప్పక చెప్పాలి.

కట్టుతో మంచాన పడ్డ కుర్రాడు

1941లోనే ఆల్‌బ్రైట్ మరో కేసు రాశారు. తొడ ఎముక విరిగి కట్టుతో మంచం పట్టిన ఒక కుర్రాడి రక్తంలో క్యాల్షియం బాగా పెరిగింది. పారాథైరాయిడ్ కణితేమో అని మెడ కోసి చూస్తే గ్రంథులు శుభ్రంగా ఉన్నాయి. అసలు కారణం కదలిక లేకపోవటం! బరువు మోయని ఎముకను శరీరం అనవసరమని కరిగించేస్తోంది. కుర్రాడి ఎముకే అలా కరిగితే డెబ్భై ఏళ్ల మనిషి సంగతి చెప్పాలా?

జ్వరమొచ్చి తగ్గాక కూడా అమ్మను నెలరోజులు మంచం దిగనివ్వని కొడుకులు, కోడళ్లు ప్రేమతోనే ఆ పని చేస్తారు. ఎముకకు మాత్రం అది కీడే. నడవటం, మెట్లెక్కటం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవటం, వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద కాసేపు నిలబడటం... వీటితో కాళ్ల కండ బలపడుతుంది, తూలి పడటం తగ్గుతుంది. తుంటి విరగటానికి ఎముక గుల్లబారటం ఎంత కారణమో, పడిపోవటం కూడా అంతే కారణం. బాత్రూంలో పట్టుకోవటానికి ఒక కడ్డీ వేయిస్తే అయ్యే ఖర్చు, తుంటి ఆపరేషన్ ఖర్చు ముందు ఏపాటిది? వెన్నుపూస ఇప్పటికే చితికినవాళ్లు మాత్రం ముందుకు బాగా వంగే ఆసనాలు, వంగి నీళ్ల బకెట్ ఎత్తటం మానాలి. ఏ వ్యాయామం చేయొచ్చో ఫిజియోథెరపిస్టును అడిగి నేర్చుకోవాలి.

ఎముకలో ఇటుకలు పేర్చే చట్రం మాంసకృత్తులతోనే తయారవుతుంది. ఆల్‌బ్రైట్ దృష్టంతా ఈ చట్రం మీదే ఉండేది. రాత్రికి గ్లాసు మజ్జిగతో సరిపెట్టుకునే పెద్దవాళ్లకు క్యాల్షియం మాత్ర ఒక్కటే చాలదు. పప్పు, గుడ్డు, పెరుగు, చేపల్లో ఇంటి అలవాటును బట్టి ఏదో ఒకటి ప్రతి పూటా పళ్లెంలో ఉండాలి.

పదమూడేళ్ల మౌనం

1956 నాటికి ఆల్‌బ్రైట్‌కు సొంతంగా ఏ పనీ సాగని స్థితి వచ్చింది. మెదడులోని ఒక చిన్న భాగంలో ఆల్కహాల్ ఎక్కించి వణుకును ఆపే ఆపరేషన్‌ను న్యూయార్క్‌లో ఇర్వింగ్ కూపర్ అనే సర్జన్ చేస్తున్నారు. అప్పటికింకా అది కొత్త. ఆల్‌బ్రైట్ సిద్ధపడ్డారు. మొదట ఒక వైపు చేస్తే ఫలితం బాగుంది. రెండో వైపు చేసినప్పుడు మెదడులో రక్తస్రావమైంది. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. తను పనిచేసిన మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లోనే పదమూడేళ్లు పడుకుని ఉండిపోయారు. 1969 డిసెంబర్ 8న కన్నుమూశారు.

అదే 1969లో స్విట్జర్లాండ్‌లో హెర్బర్ట్ ఫ్లైష్ బృందం ఎముకను తవ్వే కణాలకు కళ్లెం వేసే ఒక రసాయనాల కుటుంబాన్ని వెలుగులోకి తెచ్చింది. బిస్‌ఫాస్ఫోనేట్లు అంటారు. వారానికోసారి మింగే అలెండ్రోనేట్, ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే జొలెడ్రోనిక్ యాసిడ్ ఈ కుటుంబంలోవే. అలెండ్రోనేట్ వేసుకునే తీరు మన ఇళ్లలో తరచూ తప్పుతుంది. పొద్దున్నే పరగడుపున, పెద్ద గ్లాసుడు మంచినీళ్లతోనే మింగాలి. కాఫీతో గానీ, పాలతో గానీ, క్యాల్షియం మాత్రతో కలిపి గానీ వేసుకుంటే ఒంటికి పట్టదు. మింగాక అరగంట పాటు పడుకోకూడదు, లేకపోతే అన్నవాహిక పుండవుతుంది. పళ్లు తీయించుకోవాల్సి ఉంటే మందు మొదలుపెట్టక ముందే ఆ పని ముగించుకోవటం మేలు.

ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్‌తో ఇంకో జాగ్రత్త ఉంది. బాగానే ఉందని మధ్యలో మానేస్తే తవ్వే కణాలు ఒక్కసారిగా విజృంభించి, ఒకేసారి రెండు మూడు వెన్నుపూసలు చితకొచ్చు. తేదీ దాటనివ్వకూడదు. ఆపాల్సి వస్తే దాని బదులు మరో మందు వేసుకోవాలి. అమెరికాలో కొడుకు దగ్గరికో, కూతురి దగ్గరికో ఆర్నెల్లు వెళ్లే అమ్మానాన్నలు ఈ తేదీని టికెట్ తీసుకునే ముందే చూసుకోవాలి.

తవ్వకం ఆపటం కాకుండా కొత్త ఎముకను కట్టించే మందు కూడా ఇప్పుడు ఉంది. పేరు టెరిపారటైడ్. కెప్టెన్ ఎముకలను కరిగించిన ఆ పారాథైరాయిడ్ హార్మోన్‌లోని ముక్కే ఇది! హార్మోన్ ఎడతెగకుండా ఊరితే ఎముక కరుగుతుంది. రోజుకోసారి కొద్దిగా ఇస్తే ఎముక పెరుగుతుంది. ఎలుకలకు పారాథైరాయిడ్ సారం ఇస్తే ఎముక లోపలి జల్లెడ భాగం చిక్కబడిందని బావర్, ఆబ్, ఆల్‌బ్రైట్ 1929లోనే రాశారు. అది చికిత్సగా మారటానికి డెబ్భై ఏళ్లు పైనే పట్టింది. అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది. రోజూ పొట్ట మీదో, తొడ మీదో వేసుకోవాలి. ఖరీదు ఎక్కువ. అందుకే ఇప్పటికే వెన్నుపూసలు విరిగి, మళ్లీ విరిగే ముప్పు బాగా ఉన్నవాళ్లకే డాక్టర్లు రాస్తారు. సాధారణంగా రెండేళ్లకు మించి ఇవ్వరు. అది ఆపిన వెంటనే బిస్‌ఫాస్ఫోనేట్ లాంటిది మొదలుపెట్టకపోతే, కట్టిన ఎముక మళ్లీ కరిగిపోతుంది.